రాజమల్లు తాత ఉప్పునీళ్లు

నిన్న పొద్దున అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్ చేసింది.

"రాజమల్లు తాత పోయిండు బిడ్డా. రాత్రి నిద్రల్నే పానం పోయిందట."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మోటార్ నడుస్తుందా?"

"ఏం మోటారే? మనిషి పోయిండంటున్న."

ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. కరీంనగర్ హాస్టల్ నుంచి బస్సెక్కినా ఏడుపు రాలేదు. గోదావరి బ్రిడ్జి మీదికి వచ్చాక వచ్చింది.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. తాత మంచిర్యాలలో మా పక్కింటాయన. బొగ్గు బాయిలో పంపు ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. పిల్లల్లేరు. ఆయన ముందు గదిలో నాలుగడుగుల మెరైన్ అక్వేరియం ఉంది. సముద్రపు చేపలు, ఒక రొయ్య, చిన్న చిన్న పీతలు. దాని మోటార్ ఆగితే అవి బతకవు.

నేను నాయనమ్మ అని పిలిచే ఆయన భార్య ఆపరేషన్‌కని హైదరాబాద్ పోయినప్పుడు దవాఖాన హాల్లో అలాంటి తొట్టి ఉండేదట. మూడు రోజులు దాని ముందే కూర్చున్నాడట. నాయనమ్మ తిరిగి రాలేదు. ఏడాది తర్వాత తొట్టి వచ్చింది.

తాత పుట్టినప్పుడు మాది హైదరాబాద్ రాష్ట్రం. సముద్రం లేదు. "ఆంధ్రప్రదేశ్ అయినంక సముద్రం అచ్చింది, తెలంగాణ అయినంక మళ్ల పోయింది. నా దాక ఎన్నడు రాలె" అని నవ్వేవాడు.

అందుకే ఆర్వో నీళ్ల క్యాన్లు మోసుకొచ్చి, మెరైన్ ఉప్పు కలిపి ఇంట్లోనే సముద్రం చేసుకున్నాడు. వాడంతా ఒకటే నవ్వు. "పీతలకు ఫిల్టర్ నీళ్లు, మనకు నల్లా నీళ్లు. మంచిగున్నది తాతా!"

తాతకు చదువు రాదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. అవ్వ బీడీలు చుడుతుంది, బాపు రైస్ మిల్లులో హమాలీ. నేను చదువుతున్నానంటే వాళ్లకు సంతోషమే, కానీ ఏం చదువుతున్నానో అడగడానికి వాళ్లకు తోచదు.

"ఇయ్యాల ఏం సదివినవ్?" అని రోజూ అడిగిన మనిషి ఈ లోకంలో తాత ఒక్కడే.

ఏ చేప ఏ చేపతో పడుతుందో ఫోన్లో ఇంగ్లిష్‌లో చూసి చెప్పడం నా పని. రంగు చూసి నేను మురిసిపోతే తాత ఆపేవాడు. "సూడనీకె మంచిగుంటె సాలదు బిడ్డా. అది ఎవల్ని తింటది, దాన్ని ఎవలు తింటరు, గది సదువు."

ఇంటర్‌లో ఉన్నప్పుడు ఎర్రటి హాక్‌ఫిష్ ఒకటి నాకు తెగ నచ్చింది. చేపలతో బాగానే కలిసిపోతుందని మొదటి పేరాలో ఉంది. మిగతాది చదవకుండానే తాతతో తెప్పించాను.

అప్పుడు తొట్టిలో రెండు క్లీనర్ రొయ్యలు ఉండేవి. పది రోజులకు ఒకటి కనిపించలేదు. చూస్తే హాక్‌ఫిష్ నోట్లోంచి తెల్లటి మీసం ఒకటి వేలాడుతోంది.

తాత తిట్టలేదు. "కింద ఇంకేమన్న రాసి ఉండెనా బిడ్డా?" అన్నాడు.

చదివాను. చిన్న రొయ్యలను తింటుంది అని ఉంది.

"సదువు రానోన్ని నేను, సగం సదివేదానివి నువ్వు. మంచి జోడి." అని, ఆ చేపను కవర్లో పెట్టి, ఒళ్లో పట్టుకొని రైల్లో హైదరాబాద్ తీసుకుపోయి షాపులో తిరిగి ఇచ్చి వచ్చాడు. "దాని తప్పేమున్నది? దాని తిండి అది తిన్నది."

మిగిలిన ఒక్క రొయ్య తాతకు మచ్చికైంది. నీళ్లలో చెయ్యి పెడితే వచ్చి గోళ్ల సందులు శుభ్రం చేసేది. "ముసలామె పోయినంక నా చెయ్యి పట్టింది గిదొక్కటే" అన్నాడోసారి. నేను వినిపించుకోనట్టు ఫోన్ చూసుకున్నాను. ఏదో ఒకటి అనాల్సింది.

నిన్న మధ్యాహ్నం తాతను తీసుకుపోయారు.

మా వైపు శవం లేచాక ఇంట్లో నిల్వ ఉన్న నీళ్లన్నీ పారబోస్తారు. మైల నీళ్లు ఉంచరు. ఆడవాళ్లు బిందెలు, డ్రమ్ము, క్యాన్లు ఖాళీ చేశారు. లక్సెట్టిపేట నుంచి వచ్చిన తాత అక్క పోశవ్వ తొట్టి వైపు చూపించింది.

"గీ నీళ్లు గూడ పారబొయ్యున్రి. చేపలను గోదాట్ల ఇడిస్తె పున్నెం."

నేను అడ్డంగా నిలబడ్డాను. "గోదాట్ల ఏస్తె చస్తయ్ అవ్వా. ఇవి సముద్రంవి."

"నీళ్లల్ల చేప సస్తదా? సదువుకున్ననని ఏదంటె అది జెప్తవా?"

మా అవ్వ నా చెయ్యి పట్టి లాగింది. "పెద్దమనిషి ముంగట గట్లనా? జరుగే."

ఒక్కదాన్ని అయిపోయాను. ఎలా చెప్పాలో తెలియక, "ఒక్కసారి నాలుకకు పెట్టి చూడున్రి అవ్వా" అన్నాను.

పోశవ్వ నన్ను ఎగాదిగా చూసింది. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. మళ్లీ ఒకసారి ముంచి చూసింది.

"సముద్రం గిట్లనే ఉంటదా?"

"గిట్లనే ఉంటదట అవ్వా. నేను గూడ చూడలే."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మావోడు గింత సముద్రం ఇంట్ల పెట్టుకున్నడు. నాకు ఒక్కనాడన్న జెప్పలే." తర్వాత చీపురు పట్టుకున్న వాళ్లతో అంది, "ఉండనియ్యున్రి. సముద్రానికి మైలేంది."

సాయంత్రం అందరూ వాకిట్లో ఉన్నప్పుడు ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. తాత కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. కిందే కూర్చున్నాను.

నీళ్లలో చెయ్యి పెట్టాను. రొయ్య చాలాసేపు రాలేదు. తర్వాత వచ్చింది. ఒక మీసం నా వేలికి ఆనించి చూసి, వెనక్కి వెళ్లిపోయింది.

రేపు నేను కరీంనగర్ పోవాలి. వెనక అవ్వ వచ్చి నిలబడింది. "పొద్దుమాపు నేను జూస్త తీ. ఏం జెయ్యాల్నో జెప్పు."

అద్దం మీద మార్కర్‌తో గీత గీశాను. నీళ్లు ఆవిరై దాని కిందికి దిగితే ఉప్పు లేని ఆర్వో నీళ్లు పొయ్యమన్నాను; ఉప్పు ఆవిరి కాదు కదా. అవ్వ ఆ గీతను వేలితో తడిమి చూసింది. నేను చదివింది ఏదైనా అవ్వ అడిగి చెప్పించుకోవడం ఇదే మొదలు. అది చూడ్డానికి నువ్వు లేవు తాతా.

ఇకనుంచి ఏ పేజీ అయినా చివరి లైను దాకా చదువుతాను.

మోటార్ నడుస్తుంది. నువ్వు నిమ్మళంగా పండుకో.