మా వంటింటి కిటికీ మూయించిన ఏడాది

పోయిన నెల మా విజయనగరం ఇంటి గోడకి పురపాలక సంఘం వాళ్లు ‘ప్రాచీన కట్టడం’ అని రాసిన నీలం రేకు ఒకటి తగిలించి వెళ్లారు. అప్పటి నుంచీ నా మనసు అరవైల చివరికి, నేను కొత్తకోడలిగా ఆ ఇంట్లో తిరిగిన రోజులకి ఊరికే పోతోంది.

మా మావగారి తాతగారు కట్టించిన ఇల్లది. నేను కాపురానికి వచ్చేసరికే మావగారు లేరు. పెంకుల కప్పు కుంగిపోయి, వాన వస్తే పడకగదిలో గిన్నెలు పరిచేవాళ్లం. పాత కట్టడాలు కాపాడటానికి సర్కారు సాయం ఇస్తుందని ఎవరో చెబితే మా ఆయన అర్జీ పెట్టారు, సర్కారు వాళ్లు ఏ కళనున్నారో గానీ మంజూరు చేశారు కూడా. అయితే పని చేయించడానికి వచ్చిన కుర్ర ఓవర్సీయరు ఇల్లంతా తిరిగి చూసి, తర్వాత చేర్చినవన్నీ తీసేసి కట్టిన నాటి రూపానికి తేవాలని, అలాగైతేనే సాయమని చెప్పాడు. అందులో వంటింటి కిటికీ కూడా ఉంది. పొగకి అత్తగారి కళ్లు వాచిపోతుంటే చూడలేక, పెళ్లయిన కొత్తలో మావగారు గోడ కొట్టించి పెట్టించిన కిటికీ అది.

“ఇది పాతది కాదేటి బాబూ?” అని అడిగారు అత్తగారు. “నానూ అదీ ఒక్కేడే ఈ ఇంట్లోకొచ్చినాం. మరి నాను పాతదాన్నేటి, కొత్తదాన్నేటి?”

ఆ అబ్బాయి తల గోక్కుని, “నాకూ తెల్డం లేదమ్మా, ఆర్డరు మాత్రం అలాగే ఉన్నాది” అన్నాడు.

కప్పు కావాలంటే కిటికీ పోవాలి, కిటికీ ఉంచుకుంటే వచ్చే వానలకి ఇల్లే ఉండేలా లేదు. మా ఆయన పూటకో మాట అనేవారు. నాకైతే ఓవర్సీయరు చెబుతుంటే అతని మాట, అత్తగారు చెబుతుంటే ఆవిడ మాట న్యాయంగా తోచేవి. చివరికి అత్తగారే ఒకరోజు పప్పులో పోపు పెడుతూ, నావైపు తిరక్కుండానే, “మూసీమనవే. కప్పు కూలిపోయాక ఏ కిటికీలోంచి ఏటి సూస్తాం?” అన్నారు.

పాతకాలం పద్ధతిలో సున్నం, బెల్లం నీళ్లు కలిపి మేస్త్రీలు ఆ గోడ ఎప్పుడూ తెరవనట్టే పూడ్చేశారు. కప్పు కూడా బాగుచేయించాక, ఆ ఏడాది వానలకి ఇంట్లో చుక్క కారలేదు. చూడటానికి వచ్చిన పెద్దలు అచ్చం ఆనాటి ఇల్లేనని మెచ్చుకుంటుంటే, అత్తగారు పొగలో కళ్లు తుడుచుకుంటూ వాళ్లకి కాఫీ కాచి పంపించారు. అదంతా పొగేనా అని అడగటానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇప్పుడు ఆ వంటింట్లో గ్యాసుపొయ్యి. పొగా లేదు, కిటికీ కావాలనేవారూ లేరు. అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. ఇల్లు నిలబడినందుకు నాకు సంతోషమే. కానీ ఫొటోలు తీసుకోవటానికి వచ్చే పిల్లలు ఇది ఎవరి ఇల్లని అడిగితే, కట్టించినాయన పేరు చెప్పాలో, గోడ కొట్టించినాయన సంగతి చెప్పాలో ఈనాటికీ తేల్చుకోలేక, ముందు లోపలికొచ్చి కాఫీ తాగండమ్మా అంటూ ఉంటాను.