కంకర కూలి

వానలు మొహం చాటేసిన ఏడు అది. మా ఇబ్రహీంపట్నం వారపు అంగడిలో కుండలు అడిగే దిక్కే లేదు. వండడానికి గింజల్లేని ఇంటికి కొత్త కుండెందుకు?

"ఇంకో రెండు అంగళ్లు చూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే కుండల సారె మూలకు పెట్టి పట్నం మిల్లుకు పోత" అన్నాడు మా ఆయన. పెళ్లయి అప్పటికి రెండేళ్లే.

ఆ వారమే డప్పు మోగింది. తుర్కయాంజాల్ వైపు సర్కారు రోడ్డు వేస్తున్నదట, కంకర కొట్టినవాళ్లకు కూలి చేతికే ఇస్తారట. అది విని ఊరంతా తలుపులు వేసుకుంది! దొర పిలిచినా, అధికారి దిగినా మాకు తెలిసింది వెట్టి ఒక్కటే. మా కుమ్మరోళ్లం కుండలు కూడా వాళ్లకు ఊరికే ఇవ్వాల్సిందే. సర్కారంటే శిస్తుకు చాచే చెయ్యి. అది ఇస్తుందంటే ఎవరు నమ్ముతారు?

నాకు మొండితనం ఎక్కువ. సుత్తె పట్టుకుని బయలుదేరాను.

"పిచ్చిదానా, పిలవకముందే వెట్టికి ఉరుకుతున్నవ్" అని మా ఆయన తిట్టాడు.

చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాను. అంగడి ముందురోజు మేస్త్రి పేరు పిలిచి నా అరచేతిలో అణాలు పోశాడు. నిజం అణాలు! ఇంటిదాకా పరుగే పరుగు. గుప్పిట విప్పి చూపిస్తే వాడకట్టంతా నోరెళ్లబెట్టింది. మర్నాటి అంగడి ఎప్పటిలాగే చప్పగా పోయింది కానీ, ఆ పై పొద్దున రోడ్డు మీద నిలబడడానికి చోటు లేదు.

ఇక రెండో అంగడి చూడాలి, అబ్బ! కూలి డబ్బులతో జనం జొన్నలు కొన్నారు. జొన్నలమ్మినాయన నూనె కొన్నాడు. గానుగాయన పెళ్లానికి గాజులు కొన్నాడు. గాజుల సాయిబు నేరుగా మా దగ్గరికొచ్చి నీళ్ల కుండ ఎత్తుకున్నాడు. నేను కొట్టిన రాయికీ ఆ కుండకూ చుట్టరికం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. పొద్దు వాలకముందే కుండలన్నీ అమ్ముడైపోయాయి. నాకు అక్కడే గెంతాలనిపించింది.

"పట్నం లేదు గిట్నం లేదు" అని మా ఆయన నవ్వాడు. "రేపటిసంది రోడ్డు పనికి పోకు. ఇంట్ల మన్ను తొక్కు, మస్తు కుండలు చెయ్యాలె."

"అవ్, తొక్కుత. కూలెంతిస్తవ్?"

"ఇంటి పనికి కూలేందే?"

"సర్కారే కూలిస్తుంటే నువ్వు వెట్టి చేపిస్తవా?"

ఆయన మొలలోంచి ఒక అణా తీసి నా చేతిలో పెట్టాడు.

"చాలదు. రోడ్డు మీద గింతకన్న ఎక్కువిస్తున్నరు" అన్నాను.