పటిక పడ్డ నీళ్లు

మొన్న ఏలూరులో టీవీ కొందామని వెళితే, షాపులో సేల్స్‌మన్ ఒకటి చూపించి, ఇందులో రంగులన్నీ కంటికి కనిపించని నలుసుల వల్లే వస్తాయండీ, కొత్త టెక్నాలజీ అండీ అంటూ నాకు పాఠం చెప్పాడు. బుద్ధిగా తలూపాను. నా వయసంతా ఆ నలుసుల వెనకే పోయిందని అతనికి చెప్పి ఏం లాభం?

వట్లూరు దగ్గర కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేరిన కొత్తలో, పీహెచ్‌డీ కోసం నేను పట్టుకున్న పని అదే. సబ్బులాంటి ఒక మందును నూనెలాంటి ద్రవంలో కలిపి, నాలుగు చుక్కల నీళ్లు వేసి కుదిపితే, ఆ నీరు కంటికి ఆనని బిందువులుగా విడిపోతుంది. ఆ బిందువుల్లో కాడ్మియం, సల్ఫైడు కలిస్తే పుట్టే సెమీకండక్టర్ నలుసు, పాపం, తన బిందువును మించి పెరగలేదు. ద్రవం తేటగా, లేత నిమ్మపండు రంగులో నిలిస్తే గెలిచినట్టు, మసకబారితే పోయినట్టు.

థీసిస్ గడువు ఆ నెలాఖరుతో సరి. హైదరాబాదులో పెద్ద మైక్రోస్కోపు దగ్గర నాకు దొరికింది ఒక్క రోజు. మందు ఒక్కసారికి సరిపడా మిగిలింది, మళ్లీ తెప్పించాలంటే నెలలు పడుతుంది. రైలెక్కాల్సిన రోజు పొద్దున్నే కలిపాను. కలుపుతుండగానే పాలు విరిగినట్టు విరిగి, పసుపంతా అడుక్కి దిగిపోయింది.

నేను సీసాను వెలుగుకి పెట్టి చూస్తుండగా మా ల్యాబు అటెండరు బాబాయి వచ్చారు. ఆయనది కొల్లేటి లంక, వరద రోజుల్లో పటిక తిప్పందే అక్కడ బిందెలో నీళ్లు తేరవు.

"డిస్టిల్డ్ వాటర్‌లో ఏదో చెత్త తేలుతుందండి మాస్టారూ. మీ పని చెడుద్దేమోనని నిన్న సాయంత్రం రెండు చుట్లు పటిక తిప్పానండి. ఎంత తేటగా ఉన్నాయో చూడండి."

నేను కలిపింది ఆ నీళ్లే; మట్టిని అడుక్కి దించే పటికే నా నలుసుల్నీ దించేసిందని తెలిసి కోపంతో ఒళ్లు మండిపోయింది. కానీ వెలిగిపోతున్న ఆ మొహం చూసి, మంచిపని చేశారు బాబాయ్ అన్నాను. చేతికొచ్చిన ముద్ద నోటికందలేదు; గడువు దాటింది, రిజిస్ట్రేషన్ రద్దయింది, మిగిలిన సర్వీసంతా ల్యాబులో పిల్లల చేత ఏటా అవే టైట్రేషన్లు చేయిస్తూ గడిపాను. మాస్టారి చదువుకి నీళ్లు తేర్చింది నేనేనని బాబాయి టీ కొట్టు దగ్గర చెప్పుకునేవారు. పోయేదాకా అలాగే చెప్పుకున్నారు.

ఇప్పుడు ఆ లంకల్లోనూ తాగే నీళ్లు టిన్నుల్లోనే వస్తున్నాయి. ఒకరి నీళ్లలో ఇంకొకరు పటిక తిప్పే రోజులు పోయాయి. టీవీ కొనకుండానే ఇంటికొచ్చి, బీరువాలో దాచిన ఆనాటి సీసా తీశాను. అడుగున పసుపు, పైన తేట. కుదిపితే పసుపు లేస్తుంది, కాసేపటికి మళ్లీ అడుక్కే చేరుతుంది. ఎన్నిసార్లు కుదిపినా అంతేనని తెలిసి కూడా, ఇన్నేళ్లుగా కుదుపుతూనే ఉన్నాను.