మొగులమ్మ ఎక్కిన పచ్చికుండ

రుద్రారం అవతల మా ఊళ్లో పోచమ్మకు గుడి లేదు. కుంట పక్కన వేపచెట్టు, దాని కింద పసుపు పూసిన నడుమెత్తు రాయి, అంతే. ఏడుగురు అక్కచెల్లెళ్లలో ఒకతె, పోతరాజు ఆమె తమ్ముడు. ఆమె మాట్లాడేది ఏడాదికొక్కసారి, శ్రావణ బోనాల మర్నాడు, కుమ్మరి మొగులమ్మ నోటితో.

దాన్ని రంగం అంటారు. మొగులమ్మ భర్త సంగయ్య కాల్చని పచ్చికుండకు పసుపు రాసి తెచ్చి రాయి ముందు బోర్లిస్తాడు. ఆమె దానిమీదికి ఎక్కుతుంది. అమ్మవారు పూనితే కుండ పగలదు. ఉత్త మనిషి ఎక్కితే పచ్చికుండ ఆగుతుందా? పదిహేనేళ్లలో ఒక్కటీ పగల్లేదు. దిగాక తానేమన్నదో ఆమెకే తెలిసేది కాదు. మా దుకాణానికొచ్చి, "అమ్మ ఏమన్నదక్కా?" అని మా అమ్మను అడిగి తెలుసుకునేది.

డెబ్బైమూడులో పటాన్‌చెరు దిక్కు నుంచి కంపెనీల ప్రహరీగోడలు మా ఊరిదాకా వచ్చాయి. కుంటా, పోచమ్మ రాయీ ఒక కంపెనీ నక్షాలో పడ్డాయి. రాయిని కదిలించే మొనగాడెవడూ లేడు. అమ్మే ఒప్పుకోవాలన్నారు. సర్పంచ్ భీమశంకరం మహా తెలివైనవాడు, ఆ తెలివి ఎప్పుడూ సొంత ఇంటి దిక్కే పారేది. కుమ్మరివాడకు తానే నడిచొచ్చాడు.

"నన్ను కంపెనీ గేటు కాడికి తీస్కపోండ్రి అని అమ్మ అన్నదనుకో, సంగయ్యకు వాచ్‌మన్ నౌకరి పక్కా. కుంట పోయినంక మట్టి ఏడికెల్లి తెస్తడు?"

"అమ్మ ఏమంటదో నా చేతుల ఉంటదా పటేలా?"

"జెర సోంచాయించు" అని వెళ్లిపోయాడు.

అల్యూమినియం గిన్నెలు వచ్చి అప్పటికే కుండలు అడిగేవాళ్లు తగ్గారు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. వారం రోజులు మొగులమ్మ అదే ఆలోచించింది. చివరికి ఒక నిర్ణయానికొచ్చింది. అమ్మ పూనితే అమ్మ మాటే వస్తుంది. పూనకపోతే సర్పంచ్ చెప్పమన్నది చెబుతుంది. అబద్ధమైతే కుండ పగులుతుంది, ఊరంతా చూస్తుంది, రాయి ఉన్నచోటే ఉంటుంది.

ఆ ఏడాది డప్పులు ఎంత మోగినా అమ్మ రాలేదు. మొగులమ్మ మొదటిసారి ఒళ్లు తెలిసి కుండ మీద నిలబడింది. చిన్నప్పటి నుంచీ మట్టి తొక్కిన పాదాలవి. పచ్చిదేదో కాలిందేదో వాటికి ఒకరు చెప్పక్కర్లేదు. పసుపు కింద ఉన్నది ఆవంలో కాలిన కుండ.

ఆమె సంగయ్య వైపు చూసింది. అతను తల వంచుకున్నాడు. నిజం చెబితే ఊరు అతణ్ణి బతకనివ్వదు. భయంతోనే, "తీస్కపోండ్రి నన్ను, గేటు కాడ కూసుంట" అంది. ఊరంతా మొక్కింది.

ఆ రాత్రి ఇంట్లో జరిగింది చాలా ఏళ్ల తర్వాత మా అమ్మకు తానే చెప్పుకుని ఏడ్చింది.

"ఎప్పటి సంది గిట్ల కాలుస్తున్నవ్?" అని సంగయ్యను అడిగిందట.

"మొదటేడు సంది. పెద్దపిల్ల నీ కడుపులుండె. పడుతవని భయమైంది. ఇగ ఆ తర్వాత ఆపనీకి ధైర్యం రాలే."

"మరి గిన్నేండ్లు మాట్లాడింది ఎవరయ్యా? అమ్మనా, నేనా?"

నెలలోపే రాయి గేటు పక్కకు చేరింది, సంగయ్య ఒంటిమీదికి ఖాకీ చొక్కా వచ్చింది.

మరుసటి శ్రావణానికి కుండ మొగులమ్మే చేసింది. కుమ్మరి ఆడవాళ్లు సారె చక్రం ముట్టరు కాబట్టి చేత్తోనే వంకరటింకరగా మెత్తింది. మొగుణ్ణి తాకనివ్వలేదు. గేటు ముందు బోర్లించి ఎక్కింది. కుండ కుప్పకూలింది. ఆమె మోకాళ్ల మీద పడింది.

"అమ్మ రాలే. పోయినేడు గూడ రాలే. తీస్కపోమన్నది నేనే!" అని అరిచింది.

"అమ్మ అలిగింది, కోడిని తేండ్రి జల్దీ" అన్నాడు సర్పంచ్. డప్పులు అందుకున్నాయి. ఆమె మాట ఒక్కరూ నమ్మలేదు.

ఆ సాయంత్రం మోకాళ్లకు పసుపు అద్దుకుని మా దుకాణానికి వచ్చింది. అలవాటుగా మా అమ్మ, రంగంలో ఆమె ఏమన్నదో చెప్పబోయింది.

"వద్దక్కా," అంది మొగులమ్మ. "ఇప్పుడన్నీ యాదికుంటున్నయ్."