ముఖానికా, తినడానికా

నా జీవితంలో నేను చెయ్యి చేసుకున్నది ఒక్క మనిషి మీదే. అదీ నేను కేకు చేసి ఇచ్చిన ఇంట్లో, పుట్టినరోజు పండగలో, అందరూ చూస్తుండగా.

మారేడ్‌పల్లిలో మా వంటింట్లోనే కేకులు చేసి అమ్ముతుంటాను. నాకు కోపం ఎక్కువ. మిషను పక్కన పెట్టి క్రీము చేత్తోనే కొట్టమని, అప్పుడైతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని మావాళ్ళు ఎగతాళి చేస్తారు. పొద్దంతా నిలబడి నేను అద్దిన క్రీము గులాబీలను జనం ఏం చేస్తున్నారో చూశాక ఆ కోపం ఇంకా పెరిగింది. తినరు. పుట్టినరోజు చేసుకునేవాడి మెడ పట్టుకుని ముఖాన్ని కేకులో కుక్కుతారు. అంతకుముందు వాణ్ణి కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి, వంతులవారీగా వెనకనుంచి తంతారు. దానికి బంప్స్ అని ముద్దుపేరు. వాడు ఏడిస్తే వీడియో తీసుకుంటారు. పగవాణ్ణి కూడా అలా తన్నరు.

ఆ రోజు లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఒక అక్క రెండంతస్తుల కేకు చెప్పింది. తమ్ముడి పుట్టినరోజట. అమ్మానాన్నలు లేకపోతే ఆమే వాణ్ణి పెంచి పెద్ద చేసింది. రెండంతస్తుల కేకు స్పీడ్ బ్రేకర్ల మీద కూలకుండా ఉండాలంటే లోపల పుల్లలు ఉండాల్సిందే. కబాబులకు వాడే వెదురు పుల్లలు కింది కేకులో గుచ్చి, మొనలు పైకి ఉంచి, పై కేకును వాటి మీదికి దించుతాను. మీద క్రీము పూశాక ఏమీ కనపడదు.

కేకు బల్ల మీద పెడుతూనే చెప్పాను. "అక్కా, లోపల పుల్లలున్నాయి. కోసే ముందు పైది ఎత్తి పక్కన పెట్టి, పుల్లలు పీకెయ్యండి. ముఖం మాత్రం పెట్టనివ్వకండి."

"అయ్యో, మా పోరగాండ్లు గట్ల చెయ్యరు చెల్లె. జెర ఫోటోలు దిగినంక తీస్త," అంది.

కేకు కింద పెట్టిన నా స్టీలు స్టాండు వెనక్కి తెచ్చుకోవాలి కాబట్టి గోడవారగా నిలబడ్డాను. పాట చెవులు పగిలేలా పెట్టారు. స్నేహితులు వచ్చీరాగానే తమ్ముణ్ణి వరండాలోకి లాక్కెళ్ళి తన్నడం షురూ చేశారు. చొక్కా చిరిగింది. మోచెయ్యి గచ్చుకు గీరుకుని నెత్తురు కారింది. "చాల్ తియ్యుండ్రిరా," అంటూనే అక్క నవ్వుతోంది, ఫోనులో తీస్తోంది. వాడూ నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళతో.

తర్వాత వాణ్ణి బల్ల దగ్గరికి ఈడ్చుకొచ్చారు. కొవ్వొత్తులు ఆర్పాడు. గడ్డం ఉన్న స్నేహితుడొకడు వెనకనుంచి మెడ మీద చెయ్యి వేశాడు.

"పుల్లలు! లోపల పుల్లలున్నాయి!" అని అరిచాను. ఆ పాటలో నా గొంతు నాకే వినపడలేదు. అక్క ఫోను ఇంకొంచెం పైకెత్తింది. నేను అందరినీ మోచేతులతో తోసుకుంటూ వెళ్ళి, గడ్డం వాడి చెంప మీద ఒళ్ళంతా బలం పెట్టి కొట్టాను. వాడు మెడ వదల్లేదు. ఇక లాభం లేదని రెండు చేతులతో కేకును బల్ల మీంచి తోసేశాను. స్టాండుతో సహా కింద పడింది.

గడ్డం వాడు తిరిగి నన్ను కొట్టాడు. తల గోడకు తగిలింది, పెదవి చిట్లింది. ఈలోగా అక్క నా జుట్టు పట్టేసింది.

"ఎవతివే నువ్వు? నా తమ్ముని పుట్టినరోజు ఖరాబ్ జేస్తవా?" అంటూ వీపు మీద గుద్దింది. ఆమె మణికట్టు నా నోటికి దొరికింది. కొరికాను. కొరకడం చెయ్యి చేసుకోవడం కిందికి రాదనే ఇప్పటికీ నా వాదన.

మమ్మల్ని విడదీయడానికి తమ్ముడు వట్టి కాళ్ళతో అడుగు ముందుకు వేశాడు. కింద పడ్డ కేకులో కాలు పెట్టి కెవ్వుమన్నాడు. కాలు ఎత్తితే అరికాల్లో వెదురు పుల్ల దిగబడి ఉంది.

ఎవరో పాట ఆపేశారు. అక్క నా జుట్టు వదిలి కూలబడి ఆ పుల్ల పీకింది. క్రీములోకి నెత్తురు కారింది. పక్కనే చితికిన కింది కేకులో మిగతా పుల్లలు, మొనలు పైకి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆమె వాటిని చూసింది. తమ్ముడి ముఖం చూసింది. క్రీము అంటిన అరచేత్తో వాడి రెండు కళ్ళూ మూసేసింది.

"నీ కండ్లు రా... నీ కండ్లు బొయ్యేటివి," అంది.

ఆ మీదట చెప్పు తీసుకుని గడ్డం వాణ్ణి చేతులు పడిపోయేదాకా కొట్టింది. వాడు కదలకుండా నిలబడి ఏడ్చాడు. నాకు జాలి వెయ్యలేదు.

అప్పటినుంచి ఎవరు ఆర్డరు చెప్పినా, ఫ్లేవరు కంటే ముందు ముఖానికా, తినడానికా అని అడుగుతాను. ముఖానికి అని అంటే ఫోను పెట్టేస్తాను. అలా పోయిన బేరాలు పోయాయి.

తమ్ముడి కాలు మానాక ఆ అక్క మా ఇంటికే వచ్చింది, తోమిన స్టాండు పట్టుకుని. వాడు ఆ రోజు ముక్క కూడా తినలేదని, ఇంకో కేకు కావాలని, ఒక్క అంతస్తే చాలని చెప్పింది. ఆమెనూ అడిగాను, ముఖానికా, తినడానికా అని.

"తినేతందుకే చెల్లె. నా చేతితోని తినిపిస్త," అని ఆ చెయ్యి చూపించింది. మణికట్టు మీద నా పళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.