పసుపు అంటని కార్డు

సిస్టరమ్మ పోయిందని ఆమె చెల్లెలు భద్రాచలం నుంచి ఫోన్ చేసి చెప్పింది. నలభై ఏళ్లు బడిలో తెలుగు పంతులుగా శ్లోకాలకు అర్థం చెప్పిన నేను, వస్తున్నానని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఈ మధ్య ఏ వార్త విన్నా ముందు అలసట వస్తున్నది, దుఃఖం తరువాత వస్తున్నది.

ఆమె ఖమ్మంలో ఒక దవాఖానాలో నర్సు. పల్లెలకు సెల్ ఫోన్లు ఇంకా చేరని రోజులవి. రొమ్ము క్యాన్సరులో ఏ రకం ఏ వయసు స్త్రీలకు వస్తున్నదో, ఎవరు ఎన్నేళ్లు బతుకుతున్నారో పోల్చి చూడాలని అక్కడి డాక్టరు సంకల్పించారు. హార్మోను మాత్రలకు లొంగేది ఒకటి. కణం మీద ఒక ప్రోటీను మితిమీరి ఉండేది రెండవది. పరీక్షలో ఈ గుర్తులేవీ కనబడనిది మూడవది. నోటుబుక్కులో మూడు భాగాలు. ఇళ్లకు వెళ్లిన రోగుల క్షేమం కనుక్కోవడం సిస్టరమ్మ పని. దస్తూరి బాగుంటుందని, రోగులు తిరిగి పంపవలసిన జవాబు పోస్టు కార్డులు రాసే పని, నోటుబుక్కు నింపే పని ఆ వీధిలోనే ఉండే నాకు అప్పగించింది.

మొదటి ఏడు నేను పొరపాటు చేశాను. వ్యాధి పేరుతో సహా అంతా గ్రాంథికంలో విపులంగా రాశాను. తిరుమలాయపాలెం వైపు ఒక పల్లెలో పోస్టుమాన్ అలాంటి కార్డును ఒక ఇంటి అరుగు మీద బిగ్గరగా చదివాడు. ఊరికి తెలియకుండా మందులు వాడుతున్న ఆ ఇంటి కోడలు దవాఖానాకు రావడం మానేసింది. సిస్టరమ్మ వెళ్లి, బతిమాలి తీసుకొచ్చింది. నన్ను కోప్పడలేదు.

"మీ తెలుగు మంచిగనే ఉన్నది సార్. గని కార్డుకు తలుపుండదు గద," అన్నది.

ఉపాయం ఆమెదే. ఏటికొకటి చొప్పున కార్డులు రోగి ఇంటికి వెళ్లేటప్పుడే చేతికిద్దామని, వాటి మీద దవాఖానా పేరు కూడా లేకుండా నా చిరునామా, రోగి అంకె తప్ప ఏమీ ఉండవద్దని అన్నది. బతికి ఉన్నవారు శుభలేఖకు పెట్టినట్టు మూలలకు పసుపు పెట్టి పోస్టు డబ్బాలో వేస్తే చాలు. అడవి గూడేల్లో తెలుగు రాని స్త్రీలు సైతం జవాబిచ్చారు. చావుతో ముడిపడిన కాగితాన్ని ఇంట్లో ఉంచరు కనుక, పోయినవారి కార్డులను చించివేసేవారు. రాని ప్రతి కార్డు కోసం ఆమె బస్సెక్కేది.

"ఖాళీ గడి పెట్టొద్దు సార్. బతికిందో సచ్చిందో తెల్వకుంటే డాక్టరు సార్ ఏం పోలుస్తరు?"

మూడవ భాగంలో చిన్న వయసువారే ఎక్కువ. అక్కడ పసుపు కార్డులు తొందరగా ఆగిపోయేవి. నాలుగేళ్ల కిందట ఆమె కొన్ని కార్డులు ఇచ్చి చిరునామా రాయమన్నది. ఎవరికమ్మా అన్నాను.

"నాకే సార్. మూడో దాంట్ల రాయండి." నా ముఖం చూసి నవ్వింది. "ఏంది గట్ల చూస్తున్నరు? గిసారి పోస్టుమాన్ చదవనీకె ఏం లేదు గద."

ఉద్యోగం మాని చెల్లెలింటికి చేరినా, మూడేళ్లూ తప్పకుండా ఆమె కార్డు వచ్చింది. పసుపు అవసరానికి మించి ఉండేది. అవి అందిన రోజులు నాకు తేలికగా గడిచాయి.

నిన్న భద్రాచలం వెళ్లాను. ఈ ఏటి కార్డు ఆమె దిండు కింద దొరికిందట. చెల్లెలు చించబోతుంటే అడిగి తీసుకున్నాను. ఇంటికి వచ్చి నోటుబుక్కు తెరిచి, ఆమె వరుసలో పోయిన తేదీ రాశాను. గడి ఖాళీగా ఉంచలేదు.

కార్డు మాత్రం బల్ల మీదే ఉన్నది, నా దస్తూరిలో నా చిరునామాతో, నాలుగు మూలలూ తెల్లగా.