తెర లేదన్న కంప్యూటర్

పొద్దున దోణిమలైలో ఒక బడికి వెళ్ళి, మొరాయిస్తున్న కంప్యూటర్ పెట్టె మూత విప్పాను. లోపల ఫ్యానుకు, తీగలకు, మూలమూలకూ గనుల ఎర్ర దుమ్ము. బ్లోయర్‌తో ఊదగానే గదంతా దుమ్ము లేచింది. నాలుక మీద ఇనుము రుచి, ముక్కులో కాలిన మట్టి వాసన. పక్కనున్న టీచరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, బళ్ళారి బజారులో బట్టల దుకాణం పైనున్న ఒక ఇరుకు గది గుర్తుకొస్తుంది. అది గాదిలింగప్పన్న సర్వీసు గది. నాకు పని నేర్పిన మనిషి ఆయన. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసి ఉంటే ముందు మీకు చిర్రెత్తుకొచ్చి ఉండేది. నాకూ అలాగే వచ్చింది.

ఎందుకంటే ఆయన దగ్గరికి పాడైన కంప్యూటర్ తెచ్చినవాళ్ళు ఆయన దాన్ని బాగుచేస్తాడని ఆశపడతారు కదా. ఆయన దాన్ని ముట్టేవాడు కాదు. తెచ్చినవాళ్ళనే కుర్చీలో కూర్చోబెట్టి, తాను వెనక చేతులు కట్టుకుని నిలబడి, ఏం కనపడుతోందో చెప్పమనేవాడు. వైరస్ అనో, సాఫ్ట్‌వేర్ పోయిందనో అంటే, అది నువ్వు అనుకునేదప్పా, కనపడేది చెప్పు అనేవాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎదుటి మనిషి ముగించేదాకా కదలకుండా వినేవాడు. డిప్లొమా చేతబట్టుకుని అప్పుడే చేరినదాన్ని, నాకు వేళ్ళు దురదపెట్టేవి. మౌస్ లాక్కుని రెండు నొక్కులు నొక్కితే అయిపోయేదానికి ఈ పురాణమెందుకని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ఆయన చూసుకునే ఆఫీసుల్లో చాలావాటికి లినక్స్ వేసేవాడు. డబ్బు పెట్టి కొననక్కర్లేనిది, ఎవరైనా వాడుకోదగ్గది. దొంగ కాపీలు వేయడం ఆయనకు గిట్టదు. తెర మీద బొమ్మలు, మెనూలు, గడియారం కనిపించే ఆ మొదటి పేజీని అందరూ డెస్క్‌టాప్ అంటే, ఆయన వాకిలి అనేవాడు. ఎవరి వాకిలి వాళ్ళకు నచ్చినట్టు ఉండాలని పట్టు. ఒకరికి మెనూలు కన్నడంలో, ఇంకొకరికి తెలుగులో, చూపు ఆననివాళ్ళకు అరచేయంత గుర్తులు. ఇంత ఓపిక ఆ మనిషికి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకసారి సండూరు నుంచి ఒక ఆఫీసులో పనిచేసే ఆమె ఫోన్ చేసింది. తెర అడుగున ఉండాల్సిన పట్టీ, గడియారం, అన్నీ మాయం. అధికారి వచ్చే టైమైందని ఏడుపు గొంతు. మొత్తం తుడిచేసి కొత్తగా వేసేద్దాం అన్నా, గంట పని అన్నాను నేను. ఆయన ఫోను చేత్తో మూసి నా వైపు తిరిగాడు. "కరెంటు పోయిందని ఇల్లు పడగొట్టి కట్టుకుంటామామ్మా? స్వల్ప సుమ్నే ఉండు" అన్నాడు. ఆ కన్నడం ముక్కకు కాస్త నోరు మూసుకొమ్మని అర్థం. మూసుకున్నాను. ఆయన ఆమెను ఒక్కొక్కటే అడిగాడు. ముందురోజు మీటింగులో ప్రొజెక్టర్‌తో గోడ మీద బొమ్మ వేశారట. ఆ ప్రొజెక్టర్‌నే అసలు తెరగా పెట్టి, తీసేటప్పుడు మళ్ళీ మార్చలేదు. పాపం, పట్టీ అంతా ఇప్పుడు అక్కడ లేని తెర మీద ఉంది. మార్చే మీటలు ఆమె చేతే నొక్కించాడు. తర్వాత ఆమె ఇంకెప్పుడూ ఆ పనికి మాకు ఫోన్ చేయలేదు. పైగా పక్క ఆఫీసువాళ్ళకు తనే చేసిపెట్టేదట.

ఇక మౌలా సాబ్ సంగతి. అది చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

బళ్ళారిలో శెట్టిగారికి జీన్స్ కుట్టించే యూనిట్ ఉండేది. మాకు అన్నిటికంటే పెద్ద గిరాకీ అది. నా జీతం అక్కడి నుంచే వస్తుందని అన్న నవ్వుతూ అనేవాడు గానీ, అది నిజమే. అక్కడ ప్యాంటు ముక్కల నమూనాలు గీసే మాస్టర్ మౌలా సాబ్. జీవితమంతా అట్ట మీద పెన్సిలుతో గీసి, కత్తెరతో కోసిన మనిషి. పెద్ద వయసులో బొటనవేలి కీలు పట్టేసి కత్తెర పట్టలేకపోయాడు. అన్న ఆయనకు కంప్యూటర్ మీద గీయడం నేర్పాడు. పెద్ద బొమ్మలు తడబడకుండా కనపడాలని పెట్టెలో తెర కోసం విడిగా ఒక కార్డు కూడా బిగించాడు. వేళ్ళు వణికినా గీత వణకడం లేదని మౌలా సాబ్ చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు. ఆ కుర్చీ ఒక్కటే ఆయనకు మిగిలిన పని. అది పోతే కత్తెర దగ్గరికి తిరిగి వెళ్ళే దారి లేదు, ఇంటికే.

ఆ యేడు దసరా అయిన మరునాడు శెట్టిగారి నుంచి ఫోన్. కంప్యూటర్ చచ్చిపోయింది, ఆర్డరు ఆగిపోయింది, మీరు నేర్పిన మాస్టరే ఏదో చేసినాడు అని. మేం వెళ్ళేసరికి మౌలా సాబ్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కుర్చీ ఖాళీ. నేనేం ముట్టలేదు సేఠూ, పూజ ముందర బాగుండె అని అందరికీ అదే మాట చెబుతున్నాడు. ఎవరూ వినడం లేదు. బెంగళూరు నుంచి ఒక కుర్రవాడిని మాట్లాడి పెట్టాననీ, వాడు తన కంప్యూటర్‌తో సహా సాయంత్రానికి దిగుతాడనీ, ఈ ముసలాయనతో ఇక వేగలేననీ శెట్టిగారు తేల్చేశాడు. చెడ్డవాడు కాదు శెట్టిగారు. సరుకు ఆలస్యమైతే కొనే పార్టీ వెనక్కి తిప్పి పంపుతాడని ఆయన భయం.

అన్న నన్నే కూర్చోమన్నాడు. ఆన్ చేశాను. కంపెనీ బొమ్మ వచ్చింది, తెల్లటి అక్షరాల వరసలు దొర్లాయి, ఆ తర్వాత నల్లటి తెర, పైమూల ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ. వాకిలి రాలేదు. పండగ ముందు కొత్త అప్‌డేట్లు దిగినట్టు కనపడింది. ఇంకేముంది, దొరికిపోయిందనుకున్నాను. కొత్త అప్‌డేట్‌కూ ఆ కార్డు నడిపే డ్రైవర్‌కూ పొసగలేదు, పాతది పీకి వేరేది వేద్దాం అన్నా అని చకచకా టైపు చేయబోయాను. అన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తాను ఏం చేసిందీ, ఎక్కడ ఆగిందీ రాసి పెట్టుకుంటుంది. దాన్ని తెరిచి పైకి చదవమన్నాడు. చదివాను. కార్డు దొరికింది. డ్రైవర్ ఎక్కింది. చివర, తెరలేవీ లేవు అని ఒక వాక్యం.

"ఏమంటాండాది?"

"తెర లేదంటోందన్నా. మన కళ్ళముందే ఉంది కదా. అందుకే, డ్రైవరే చెడిపోయింది."

"మనకు కనపడేది మనం చెప్తాండాం. దానికి కనపడేది అది చెప్తాండాది. దాని మాట నమ్మి చూడు, ఒకసారి."

నమ్మి చూడడమంటే ఏమిటో నాకు తెలియలేదు. ఆయన వంగి పెట్టెను మెల్లగా తిప్పాడు. వెనక తెర తీగ పెట్టే చోట్లు రెండున్నాయి. పైనొకటి పెట్టెతో వచ్చింది, కిందొకటి అన్న బిగించిన కార్డుది. తీగ పైదానికి ఉంది. తెరను కింది కార్డు దగ్గరే వెతకమని అన్న ఎప్పుడో దానికి రాసిపెట్టాడు. అది అక్కడే వెతికింది, అక్కడ ఏ తెరా లేదు. ఉన్నమాటే చెప్పింది. డ్రైవర్ పీకి ఉంటే, మాస్టరు మీద పడిన నింద నా చేత్తోనే గట్టిపడి ఉండేది.

మా ఊళ్ళో ఆయుధపూజకు యంత్రాలన్నీ కడిగి, తుడిచి, కుంకుమ పెట్టి, పూలు చుడతారు. పూజకు పెట్టినదాన్ని మళ్ళీ పనిలోకి దిగేదాకా ఎవరూ ముట్టరు. మిషనైనా, లారీ అయినా, కంప్యూటరైనా అంతే. అందుకని ఆ రోజు ఏం చెదిరినా ఎవరికీ తెలియదు. అన్న పెట్టె మీది కుంకుమ చూసి, ఇంత బాగా తుడిచిందెవరని అడిగాడు. గుమ్మం దగ్గర కూర్చున్న శెట్టిగారి తల్లి, అందరూ అవ్వ అని పిలిచే ఆవిడ, సంతోషంగా చెయ్యెత్తింది. తీగలన్నీ పీకి, తడిగుడ్డతో కాదు, పొడిగుడ్డతో తుడిచానంది. మళ్ళీ ఏ తీగ ఎక్కడ కుదిరితే అక్కడ పెట్టానంది. మా అరుణ కూడా ఇంత శుభ్రంగా తుడవదవ్వా అని అన్న నాకొక చురక అంటించాడు. తర్వాత మౌలా సాబ్‌ను పిలిచి, తీగ తీసి కిందిదానికి పెట్టమన్నాడు. పట్టేసిన బొటనవేలితో ఆయన తంటాలు పడుతుంటే నేను అందుకోబోయాను. అన్న కళ్ళతోనే వద్దన్నాడు. తీగ కూర్చుంది. మళ్ళీ ఆన్ చేస్తే వాకిలి వచ్చింది. మాస్టరుకు ఇష్టమైన ముదురు నీలం, పెద్ద పెద్ద గుర్తులు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు.

కథ అక్కడ అయిపోయిందనుకున్నాను, కాలేదు. శెట్టిగారు ఇబ్బందిగా నవ్వి, సరే తీగదే తప్పు, కానీ రేపు ఇంకోటయితే ఈయనతో కాదులే, ఆ కుర్రవాడిని రానీ అన్నాడు.

అన్న సంచీ భుజాన వేసుకున్నాడు. "అట్లనే కానీ శెట్రే. సర్వీసు కూడా ఆ పిల్లోడితోనే చేయించుకో. మాస్టరు ల్యాని ఈ కుర్చీ కాడికి నేను రాను" అన్నాడు. గొంతు పెంచలేదు. ఉన్న ఒక్క పెద్ద గిరాకీ, నా జీతం, అంతా ఆ ఒక్క మాటకు గాల్లో కలిసిపోతున్నాయి.

అప్పుడు అవ్వ గోడ పట్టుకుని లేచింది. ముఖంలో ఆ సంతోషం లేదు. "తీగ పెట్టింది నేను. పొద్దుట్నుంచీ మౌలా చెప్తానే ఉండాడు కదరా, పూజ ముందర బాగుండె అని. నువ్వు ఇన్యావా?" అంది కొడుకుతో.

శెట్టిగారు కుర్చీ తనే జరిపి, కూర్చో మాస్టరూ, నడుము సైజుల గీతలు కానియ్యి అన్నాడు. బెంగళూరుకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళాడు. మౌలా సాబ్ ఆ తర్వాత తానుగా చాలిస్తానన్నదాకా ఆ కుర్చీలోనే పనిచేశాడు.

తిరిగి వస్తూ ఉగ్గాని బజ్జీ బండి దగ్గర ఆగాం. అవ్వ లేవకపోయుంటే ఏమయ్యేదన్నా అని దాదాపు పోట్లాడాను. గిరాకీ పోయేది, అంతే కదా అన్నాడు బజ్జీ తుంచుతూ. నాకు ఒళ్ళుమండింది. ఎవరో మాస్టరు కోసం మన కడుపు కొట్టుకుంటామా అని అనేశాను. ఆయన కోప్పడలేదు. కాగితంలోని బొరుగుల ఉగ్గాని పక్కన పెట్టి, నేనెన్నడూ అడగని సంగతి చెప్పాడు. కంప్యూటర్లు నేర్వకముందు ఆయన ఒక టీవీల సర్వీసులో మెకానిక్కట. ఒకరోజు గిరాకీది పెద్ద టీవీ కాలిపోయింది. ఆయన చేతిలోనే పోయిందన్నారు.

"అది ఎట్ల కాలిపోయిందో నాకు తెలుసమ్మా. కండ్లారా చూసినా. చెప్దామని పొద్దంతా షాపులో గోడ కాడ నిలబడినా. ఒక్కరన్నా ఏం చూసినావని అడగలే. సాయంత్రం, రేపట్నుంచి రావద్దని ఇంటికి పొమ్మన్నారు."

చెయ్యి కడుక్కుని స్కూటర్ తీశాడు. వెనక కూర్చుని దారి పొడవునా ఏడ్చాను. ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకునేదాన్ని, నా మొహం. అది ఓపిక కానే కాదు.

అన్న పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నాకొక సర్వీసు గది ఉంది, పనిచేసే ఆడపిల్లలున్నారు. వాళ్ళు మౌస్ కోసం చెయ్యి చాపితే నేను పట్టుకుని ఆపుతాను. గిరాకీలు విసుక్కుంటారు, విసుక్కోనీ. యంత్రం పాడైందని వచ్చే మనిషి చాలాసార్లు పొద్దుట్నుంచీ ఎవరి చేతో తిట్లు తిని వస్తాడు. నువ్వే చేశావని అప్పటికే తేల్చేసి పంపుతారు. కూర్చోబెట్టి, ఏం చూశారో చెప్పండి అంటే, కొందరు చెబుతూ చెబుతూ ఏడుస్తారు. అప్పుడు నేను కంప్యూటర్ వైపు చూడను. గోడ దగ్గర నిలబడిన గాదిలింగప్పన్నను అప్పుడెవరూ అడగలేదు కదా, ఆయన్నే అడుగుతున్నట్టు అడిగి, ఆయనే చెబుతున్నట్టు చివరిదాకా వింటాను.